రామతులసికి లేని మొలలు

రామతులసికి అనుమానం ఎక్కువ అంటే చాలా తక్కువ చెప్పినట్టు. గుళ్ళో పూజారి తీర్థం పోస్తే ముందు వాసన చూసి అప్పుడు తాగే మనిషి. పెళ్ళిచూపులనాడు దుర్గాసాయి పళ్ళన్నీ కనబడేలా నవ్వితే, అవి కట్టుడుపళ్ళేమోనని కొబ్బరిముక్క ఇచ్చి కొరికించి మరీ ఒప్పుకుందని కడియంలో చెప్పుకుంటారు. ఆయన అప్పట్నుంచీ మొక్కల లారీ తోలుకుంటూ దేశాలు పట్టి తిరుగుతున్నాడు. ఆవిడ చూపు తప్పించుకోడానికేనని గిట్టనివాళ్ళ మాట.

కత్తి పట్టిందంటే మాత్రం వంక పెట్టేవాడు లేడు. మామిడి అంట్లు కట్టడంలో అలాంటి చెయ్యి గోదావరికి ఈ గట్టున లేదు, ఆ గట్టున లేదు. గొడుగుకర్రకి అంటు కట్టినా కాయ దిగుతుందని నర్సరీ ఆసామే వచ్చిన బేరగాళ్ళందరికీ చెబుతాడు.

అలాంటి రామతులసికి ఫిట్స్ ఉంది. రోజూ మాత్ర వేసుకుంటే దాని జాడే ఉండదు. కానీ ఆ సంగతి నర్సరీలో తెలిసిందా, ఆసామి ఆవిడ చేతిలో కత్తి లాగేసుకుని, కవర్లలో మట్టి నింపే పనికి తోసేస్తాడు. మధ్యాహ్నం కూరలు కలుపుకు తినే ఆడవాళ్ళు, అంటుకుంటుందని బెత్తెడు బెత్తెడు దూరం జరుగుతారు. అందుకని ఆవిడ నెలకోసారి వంతెన దాటి కొవ్వూరులో ఓ ముసలి డాక్టరు దగ్గర మాత్రలు తెచ్చుకునేది. ఎక్కడికంటే పెనుగొండ అమ్మవారికి మొక్కు అనేది. కొవ్వూరు బస్టాండులో లడ్డూలు కొని ప్రసాదమని పంచేది. ఆ లడ్డూ కళ్ళకద్దుకుని తిన్నందుకే కోడలికి కడుపు పండిందని చెప్పే ముసలమ్మ కూడా ఉంది.

అంతా బాగానే సాగుతుంటే ఆ డాక్టరు కాస్తా కళ్ళు కనపడ్డం లేదని ఆస్పత్రి మూసేశాడు. మాత్రలు అడుగంటాయి. ఊళ్ళో ఆరోగ్యకేంద్రంలో అవే మాత్రలు ఉన్నాయి. కాకపోతే అక్కడ ఇప్పుడు ఏ మందు కావాలన్నా కొత్త కంప్యూటర్లోకి జబ్బు పేరు ఎక్కించాలి. దానికి ప్రోగ్రాం రాసే కంపెనీ పిల్ల మంజుష, పని ఎలా జరుగుతుందో కళ్ళారా చూడాలని భీమవరం నుంచి వచ్చి అక్కడే మకాం వేసింది.

రామతులసి వెళ్ళేసరికి ఆ పిల్ల తెల్లబోర్డు మీద గళ్ళు గీస్తోంది. ఒక గడిలో మనిషి, ఒక గడిలో జబ్బు, ఒక గడిలో మందు, ఒక గడిలో ఫోను. మధ్యలో బాణాలు.

"ఈ బాణాలేంటండి అమ్మాయిగారూ?"

"మీ సంగతి ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్తుందో ముందు బొమ్మ గీసుకోవాలండి. ఇల్లు కట్టేముందు ప్లాను గీసినట్టు."

"మరి దొంగ ఏ దారిన వస్తాడో గీశారా?"

మంజుష నవ్వేసింది. "లోపల అంతా తాళాలేనండి. భయపడకండి."

భయపడకండి అన్నవాళ్ళని చూస్తేనే రామతులసికి ఎక్కువ భయం. ఈ పిల్ల నవ్వు చూడబోతే మొలకెత్తని విత్తనాలు అమ్మేవాడి నవ్వులా ఉంది. ఏం చెయ్యాలా అని గుమ్మం పట్టుకుని ఆలోచించి, చటుక్కున కుర్చీలో కూర్చుంది.

"రాసుకోండి. నాకు మొలలు."

లేని మొలలవి. అబద్ధాన్ని లోపలికి తోసి, బయటికి ఏ కంతలోంచి వస్తుందో చూద్దామని ఆవిడ ఎత్తు. మంజుష పాపం నిజమనుకుని ఎక్కించింది. ఫోను నంబరు అడిగితే రామతులసి గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ చెట్టు నీడన గిన్నెలు విప్పుతుంటే, మేస్త్రీ దొరబాబు గులాబీ మళ్ళ మధ్యనుంచి ఫోను పైకెత్తుకుని వచ్చాడు. ఆయన గొంతు లేస్తే రాజమండ్రిలో రైలు ఆగుతుందంటారు.

"రామతులసి గారూ! మొలల మందు కొరకు గురువారం ఆరోగ్యకేంద్రానికి రాగలరు! ఆయ్, మరి చెప్పవేం వదినా? ఇందాకట్నుంచీ పీటమీద అటూ ఇటూ జరుగుతుంటే చీమలు కుట్టాయేమో అనుకున్నాను!"

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. నాగవల్లి అని, పక్కన కూర్చుని అంట్లు కట్టే పిల్ల, నవ్వాపుకుని తన గిన్నెలో కంద కూర మొత్తం ఈవిడ అన్నంలో వంచేసింది.

"కంద తిను అక్కా, దెబ్బకి పోతాయి."

మర్నాటికి నర్సరీ నర్సరీ అంతా కందే. కంద బచ్చలి, కంద పులుసు, కంద వేపుడు. వద్దంటే మొలలు లేవని చెప్పాలి, లేవంటే ఆరోగ్యకేంద్రానికి ఎందుకెళ్ళావంటారు. గొంతు దురద పుట్టి మాట బొంగురుపోయేదాకా తింది రామతులసి. ఆ బొంగురు గొంతుతోనే మంజుష మీద పడింది.

"ఎవరికమ్మారండి నా మొలలు? అసలు నాకు మొలలే లేవు తెలుసా!"

మంజుష బిత్తరపోయి తెర చూసుకుంది. "నేనెవరికీ చెప్పలేదండి. మీరిచ్చిన నంబరుకే మెసేజ్ వెళ్ళింది. ఇది మీదే కదా?"

"నాదెందుకవుతుంది? దొరబాబుది."

"ఆయన నంబరు మీరెందుకిచ్చారు?"

రామతులసి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. గ్యాస్‌కీ అదే నంబరు, రేషన్‌కీ అదే, బ్యాంకుకీ అదే. మొక్కల మధ్య చేతులు మట్టిలో ఉంటాయి, రీఛార్జి అయిపోయి సొంత ఫోన్లు మూగబోతుంటాయి. అందరూ మేస్త్రీ నంబరే ఇస్తారు, ఆయన కేకేసి చదువుతాడు. ఊపిరి పీల్చినంత అలవాటు. తీర్థం వాసన చూసే మనిషి, దొరబాబు ఫోను వాసన చూడ్డం మరిచిపోయింది.

మంజుష ఆ నంబరు మీద వెతికితే, నర్సరీలో సగం మంది బీపీలూ షుగర్లూ వరసగా దొరబాబు జేబులోనే ఉన్నాయి. ఒక నెల తప్పిన పిల్ల కూడా ఉంది.

"మనిషికో ఫోను గీశానండి నేను," అని తలపట్టుకుంది.

ఇద్దరూ కలిసి చేసిన తప్పని తేలాక కాస్త మెత్తబడ్డారు. మెసేజ్‌లో జబ్బు పేరు తీసేస్తానంది మంజుష. పేరే లేనప్పుడు ఎవరి ఫోనైతేనేమని నంబరు అదే ఉంచారు. తీసేసింది. ఆ వారం దొరబాబు ఫోనుకి ఒకటే ముక్క వచ్చింది.

"రామతులసి గారూ, గురువారం రండి! అంతే! ఎక్కడికో లేదు, ఎందుకో లేదు! ఎవడు వదినా, ఈ గురువారం గాడు?"

అంతే, కంద కంటే ఇదే ఎక్కువ దురదపెట్టింది ఊరికి. సాయంత్రానికి ఆ పిలిచినవాడికి బుల్లెట్ బండి వచ్చింది. చీకటి పడేసరికి మెళ్ళో గొలుసు వచ్చింది. లారీ నాగపూర్ చేరకముందే కబురు దుర్గాసాయికి చేరిపోయింది.

"ఎవడే వాడు?" అని ఫోన్లో అరిచాడాయన.

"మాత్రల గురించయ్యా మగడా!" అని గుసగుసగా తిట్టి పెట్టేసింది. ఆయనొక్కడికే తెలుసు ఆ సంగతి.

డబ్బాలో మాత్రలు అయిపోవచ్చాయి. ఆ పొద్దున కత్తి పట్టుకుంటే వేలు ఒకటి దానంతటది అదిరింది. నాగవల్లి చూసిందేమోనని చెయ్యి కొంగులో దాచుకుని, ఆకలి కూడా చూసుకోకుండా ఆరోగ్యకేంద్రానికి నడిచింది.

మంజుష బోర్డు మీద ఇంకో గడి గీసి ఉంచింది. ఎవరికి కబురు ఎలా పంపాలో వాళ్ళనే అడిగే గడి. ఫోనుకా, నర్సమ్మ నోటితోనా, అసలు వద్దా.

"వద్దు. నా కాళ్ళతో నేనే వస్తా," అంది రామతులసి. "లోపల రాసింది నర్సమ్మ చూస్తుందా?"

"డాక్టరుగారూ, మందిచ్చే నర్సూ చూస్తారండి. ఎవరు తెరిచినా వాళ్ళ పేరు లోపల పడిపోతుంది."

"మీరు?"

"ఇప్పుడైతే చూడొచ్చండి. పని పూర్తయ్యాక కుదరదు."

నిజం చెప్పిందే అని ముందు సంతోషం వేసింది, వెంటనే నిజం చెప్పి బుట్టలో వేస్తోందేమోనని అనుమానం వేసింది. రామతులసి లేచి తలుపు దగ్గరికి వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అయితే మీదొకటి చెప్పండి."

"నాదేంటండి?"

"మీ జబ్బు. నాది మీ చేతిలో ఉన్నప్పుడు మీదొకటి నా చేతిలో ఉండద్దా?"

మంజుష కిటికీవైపు చూసింది, తలుపువైపు చూసింది. "నిద్రమాత్ర వేసుకోకపోతే నాకు నిద్ర పట్టదండి. రెండేళ్ళయింది. మా అమ్మకి తెలీదు."

రామతులసి ఆ పిల్ల మొహం వంక, మామిడి కొమ్మ పచ్చిగా ఉందా ఎండిందా అని చూసినట్టు చూసింది. కళ్ళకింద నల్లటి చారలు. కాటుకేమోనని తన కొంగుతో ఒకసారి తుడిచి చూసింది. పోలేదు.

"మొలలు కొట్టెయ్యండి," అంది. "నాకు ఫిట్స్. రాసుకోండి."