నకిరేకల్ నుంచి చేతికెక్కిన నారింజ గాజు

ఆ ప్రయాణం వసుంధర మీద కుళ్లుతోనే మొదలైంది. తొంభైల నడుమ హైదరాబాద్‌లో మా ఇద్దరి పరిశోధనా ఒకే లేజర్ గదిలో. కొన్ని రంగు గాజుల్లో కంటికి ఆనని సెమీకండక్టర్ రేణువులుంటాయి. వెలుగు తగిలితే వాటిలోని ఎలక్ట్రాన్లు ఎగిరి, సెకనులో లక్ష కోట్లవ వంతు లెక్కన సర్దుకుంటాయి. రేణువు పెరిగేకొద్దీ గాజు రంగు పసుపు నుంచి ఎరుపుకు తిరుగుతుంది; దాంతోపాటు ఆ వేగం ఎలా మారుతుందో చూడాలి. అందుకు వసుంధరకు విదేశీ గాజు పలకలు వచ్చాయి: పసుపు, నారింజ, ఎరుపు. నాకు ఏమీ లేవు. సోమవారం లేజర్ నా వంతు. ఆమెను అడగడం కంటే చావడం నయమనిపించింది.

చేతికి వేసుకునే ఎర్ర గాజులకూ రంగునిచ్చేది ఆ రేణువులే. కొలిమిలో సరిగ్గా కాగనివి పసుపుగానో నారింజగానో మిగిలిపోతాయి. అలాంటివి నకిరేకల్‌లో చవగ్గా దొరుకుతాయని మా అవ్వ చెప్పింది. శనివారం పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కాను. టికెట్ పాతిక రూపాయలకు అటూ ఇటూ. నార్కట్‌పల్లిలో చాయ్ తాగి, మూడు గంటల్లో దిగాను.

బస్టాండు వెనక గాజులమ్మే ఖాజాబీ నా చేతులు చూసి మొహం చిట్లించింది.

"ఒట్టి చేతులేంది బిడ్డా?"

"మా పని జాగల గాజులు ఏసుకోనియ్యరు ఖాలా. లేజర్ తగిలి మెరిస్తే కండ్లు పోతయి."

గంప అడుగున పసుపువి, ఎర్రవి బోలెడు. నారింజది ఒక్కటే. అది లేకపోతే నా గ్రాఫ్‌కు నడిమి చుక్కే లేదు. ఆమె అదే అందుకుంది.

"గది వద్దు ఖాలా, ఒక్కటే ఉన్నది."

"ఒక్కటే ఉన్నదనే ఏస్తున్న. సంచిల పెడితే కుదుపుకు చిట్లుతది."

నా వేళ్లు ముడిచి, అటూ ఇటూ కాపుగా రెండు ఆకుపచ్చవి చేర్చి ఎక్కించేసింది. సంచిలో వేసుకున్న పసుపు, ఎర్రవాటితో కలిపి పన్నెండు రూపాయలు.

సోమవారం అవి చేతి నుంచి ఊడి రాలేదు. చేతి మీద గాజు పగలగొట్టుకోవడానికి మనసొప్పలేదు. గుమ్మం దగ్గర గుంజుకుంటుంటే వసుంధర చూసింది. కోస్గి పిల్ల, మాటలో ఇంకా ఊరు పోలేదు.

"గట్ల గుంజకు, జర సబ్బు తే."

మూడు గాజులూ చిన్న గీత కూడా పడకుండా జారి వచ్చాయి. తర్వాత మెల్లగా అంది: "నారింజ పలక అడిగితే నేను ఇయ్యనా?"

"నాది నాకున్నది" అన్నాను.

గ్రాఫ్ చక్కగా వచ్చింది. ఇప్పటికీ దాన్ని చూస్తే నడిమి చుక్క దగ్గర ఆమె వేళ్లే గుర్తొస్తాయి. వసుంధర అంత మంచిది కాకపోయినా బాగుండేది, హాయిగా ఆమె మీద ఏడ్చేదాన్ని. నకిరేకల్ వెళ్లేవాళ్లకు ఒకటే చెబుతాను. గాజులు ప్రయోగానికైతే చేయి చాచకండి, దూదిలో చుట్టించుకోండి. తీసే వేళ్లు పక్కనే దొరకవచ్చు గానీ, అవి ఎవరివైతే వద్దనుకున్నామో వాళ్లవే అవుతాయి.