ఉప్పుగూడ కుంటకు బదులు ఇంకో చెరువు

ఈ రోజు ఉప్పుగూడ దగ్గర ఒక చిన్న కుంటను సర్వే చేయడానికి వెళ్లాను. రోడ్డు కోసం దాన్ని పూడ్చేస్తున్నారు. ఈ కుంట జనానికి చేసే మేలెంతో మా సర్వే బృందం లెక్కగడితే, అంత మేలు చేసేలా ఊరవతల ఇంకో చెరువును బాగుచేస్తారు.

గట్టు మీద యాదమ్మ అనే ఆమె బర్రెలకు గడ్డి కోస్తోంది. కుంట గురించి అడగ్గానే కొడవలి పక్కన పెట్టి సంబరంగా చెప్పింది.

"వాన గట్టిగ పడితే నీళ్లన్నీ గీ కుంటలకే వస్తయ్ మేడం. లేకుంటే మా ఇండ్లు మునుగుతుండె. మంచిగ రాసుకోండ్రి, కుంట బతుకుతది."

దాచడం ఇష్టంలేక, కుంటను పూడ్చేస్తారని, బదులుగా ఊరవతల చెరువును బాగుచేస్తారని చెప్పాను. ఆమె కుంట నీళ్ల వైపు చెయ్యి చూపించి అడిగింది.

"మరి వానొస్తే నీళ్లు గా చెరువుకు పోతయా, మా ఇండ్లకొస్తయా?"

"మీ ఇళ్లలోకే రావచ్చమ్మా. ఆ మాట కూడా రిపోర్టులో రాస్తాను."

"రాస్తే పూడ్చుడు ఆపుతరా?"

ఆపరని చెప్పాను. ఆమె కోప్పడలేదు. "ఉన్నన్ని దినాలు గడ్డన్న కోస్కుంట" అని మళ్లీ వంగింది.

ఇప్పుడు రిపోర్టు రాస్తున్నాను. ఈ కుంట గొప్పతనం ఎంత బాగా రాస్తే, ఆ దూరపు చెరువుకు అంత మంచిది. నా స్థానంలో ఉంటే మీరు యాదమ్మకు ఏం చెప్పేవారు?