కోతులమ్మ స్వెటర్

ఊరి నడుమ ఒకే ప్రహరీలో జంతువుల పార్కు, మొక్కల తోట రెండూ ఉన్నాయి. తాతలనాటివి. అక్కడ కోతులను చూసుకునే ఆమెను అందరూ కోతులమ్మ అంటారు. ఆమె భర్త అదే తోటలో మాలి. "మా ఆవిడ పిల్లలు కొరుకుతారు, నా పిల్లలు నోరెత్తరు" అని కుండీలు చూపించి నవ్విస్తుంటాడు.

చలికాలంలో ఒక కోతి, పిల్లను కని చనిపోయింది. ఆ పిసరంత పిల్లను కోతులమ్మ తన పాత స్వెటర్‌లో పొదువుకుని, పాలసీసా పట్టి పెంచింది. వంట చేస్తున్నా, బోను కడుగుతున్నా అది ఆమెను కరుచుకునే ఉండేది.

"కాకిపిల్ల కాకికి ముద్దంటారు. మా అమ్మకేమో కోతిపిల్ల ముద్దు!" అని కాలేజీకెళ్ళే కూతురు మూతి ముడిచేది.

ఎండాకాలం వచ్చింది. పిల్ల పండ్లు కొరుకుతోంది. ఇక మందలో కలపాలి. ఇంకా ఆలస్యమైతే దానికి కోతుల తీరే తెలియదు, బతుకంతా ఒంటరిగా ఉండిపోవాలి. పిల్లలంటే ప్రాణం పెట్టే ముసలి కోతి ఒకటుంది. ముందు దానికి మచ్చిక చేద్దామన్నారు పార్కు డాక్టరమ్మ. షరతు ఒక్కటే, పెంచిన మనిషి కనపడకూడదు.

కోతులమ్మ కనపడలేదు. కానీ మనసాగక, ముందే పిల్లతోపాటు స్వెటర్ కూడా ముసలిదాని బోనులో పెట్టేసింది.

మధ్యాహ్నం దాకా పిల్ల మూలన స్వెటర్‌లో తలదూర్చుకుని కూర్చుంది. ముసలిది దగ్గరికొచ్చినప్పుడల్లా ఇంకా లోపలికి దూరింది. చివరికి ముసలిది విసిగి దూరంగా పోయి కూర్చుంది.

"ఆ స్వెటర్ ఎవరిది?" డాక్టరమ్మ అడిగారు.

"నాదేనండి. చలేస్తుందేమోనని..."

"ఎండ మాడ్చేస్తుంటే చలేమిటమ్మా!"

"చలి మా ఆవిడకండి," అన్నాడు మాలి. ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ గొంతు తగ్గించారు. "మీ వాసన ఉన్నంతసేపు అది ఇంకెవరి వైపూ చూడదు. మీరే వెళ్ళి తీసెయ్యండి. వేరేవాళ్ళు చెయ్యి పెడితే బెదిరిపోతుంది."

కోతులమ్మ లోపలికెళ్ళగానే పిల్ల ఒక్క గెంతులో మెడకు చుట్టుకుంది. "నా బంగారం కదూ, మాట విను," అంటూ ఆమె ఒక్కొక్క వేలూ విడిపించింది. ఒకటి విప్పితే ఇంకొకటి పట్టుకునేది. ఎలాగో కింద దించి, స్వెటర్ చంకన పెట్టుకుని, బయటికొచ్చి గడియ వేసి, బోను పక్క గోడ చాటుకు పోయి, అటు వీపు పెట్టి నిలబడింది.

పిల్ల కీచుమని ఏడ్చింది. కోతులమ్మ కాలు దానంతటదే కదిలింది. మాలి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగవే."

"దాని గొంతు ఆరిపోతోందండీ!"

"వింటున్నది నువ్వొక్కదానివే కాదు. ముసలిది లేచింది."

"ఏం చేస్తోంది?"

"వస్తోంది... తల వాసన చూస్తోంది... ఇదిగో, పేలు చూడడం మొదలెట్టింది."

ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. కాసేపటికి అవీ ఆగిపోయాయి.

"ఎత్తుకుందా?"

"పొట్టకు హత్తుకుంది. ఇటు తిరిగి చూడు, డాక్టరమ్మ కూడా చూడొచ్చంటున్నారు."

కోతులమ్మ తిరగలేదు. "వద్దు. నేను కనపడితే దిగొస్తుందేమో," అని కళ్ళు తుడుచుకుని, చెట్ల చాటున తోటలోంచి పోయే చుట్టుదారి పట్టింది.