టీచరమ్మకు పేపర్ చదివిందెవరు

ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే నవ్వి లేచి వెళ్ళిపోయే రకం నేను. కాలేజీ టూర్లలో, పెళ్ళిళ్ళలో ఇలాంటివి చాలా విన్నాను. ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది సైదాబాద్. ఇంజనీరింగ్ మూడో ఏడు పరీక్షలయ్యాక జర్మనీలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేసే అవకాశం వచ్చింది. మే నెలలో వెళ్ళాను. జూలైలో లాల్‌దర్వాజ బోనాల రోజు పొద్దున తిరిగొచ్చాను.

అప్పటికే ఫైనల్ ఇయర్ క్లాసులు మొదలై మూడు వారాలైంది. నా స్నేహితులు ప్రాజెక్టు బ్యాచ్‌లు కట్టేసుకున్నారు. నన్ను ముఖపరిచయం కూడా లేని ముగ్గురితో కలిపారు. నేను కూర్చునే చోట వేరే అమ్మాయి కూర్చుంటోంది. "ఎట్లుండె జర్మనీ?" అని అందరూ అడిగారు. జవాబు పూర్తయ్యేలోపే ప్లేస్‌మెంట్ పరీక్షల మాటల్లో పడిపోయారు.

నయాపూల్ దగ్గర బస్సు మారేటప్పుడు ఆ హారన్లకు, తోపులాటకు బెదిరిపోయేదాన్ని. పుట్టి పెరిగిన ఊళ్ళోనే! జర్మనీలో నిశ్శబ్దంలో ఒంటరిగా ఉన్నాను, ఇక్కడ ఈ లొల్లిలో ఒంటరినయ్యాను.

మా గల్లీ చివరి ఇంట్లో టీచరమ్మ ఉంటుంది. సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. షుగర్‌తో చూపు పూర్తిగా పోయింది. కూతురు విజయక్క పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్తే రాత్రి ఏడింటికి గానీ రాదు. నేను ఇంటర్ చదివేటప్పటి నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి వెళ్ళి టీచరమ్మకు పేపర్ చదివి వినిపించేదాన్ని.

జర్మనీ వెళ్ళేముందు, ప్రతి ఆదివారం ఫోన్ చేస్తానని మాటిచ్చాను. ఒక్కసారీ చేయలేదు. మొదట్లో మర్చిపోయాను. తర్వాత చేయాలంటే సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే తిరిగొచ్చాక కూడా రెండు వారాలు అటు వెళ్ళలేదు.

ఒక శనివారం సాయంత్రం ఎలాగో ధైర్యం చేశాను. టీచరమ్మ వరండాలో కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకే నన్ను గుర్తుపట్టింది.

"ఏంది బిడ్డా, పదిహేను దినాలాయె నువ్వు రాక. పానం మంచిగ లేదా?"

"పదిహేను దినాలేంది టీచరమ్మా! నేను జర్మనీ పోయిన గదా. రెండు నెలలు దాటె."

"ఏడికి పోతివి? దినాం ఐదింటికి ఈడనే కూసుంటివి. పోవుడు ఆగిపోయిందేమో, అడిగితే బాధపడ్తవని అడగలే."

వయసు మీదపడి తికమక పడుతోందనుకున్నాను. పక్కన కూర్చున్నాను. ఆమే మళ్ళీ మాట్లాడింది.

"ఒక దినం మాత్రం పేపర్ చదవలే నువ్వు. ఒకటే ఏడుపు. బట్టల మిషన్ల అర్రల తలుపు పడ్డది, ఎంత పిలిచినా ఎవరు పలుకలే అంటివి. ఏడ బిడ్డా అంటే చెప్పకపోతివి."



అది నిజంగానే జూన్‌లో జరిగింది, జర్మనీలో. నేనున్న హాస్టల్‌కు బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ల గది ఉంది. లోపల ఉండగా తలుపు బిగుసుకుపోయింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు. దాదాపు గంటసేపు అరిచాను. భయం వల్ల కాదు, నేను కనబడకపోతే వెతికే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు కదా అనిపించి ఏడ్చాను. చివరికి ఎవరో వచ్చి తలుపు తోశారు. ఆ సంగతి అమ్మకు కూడా చెప్పలేదు. ఎక్కడా రాయలేదు. అప్పుడు అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఇక్కడ ఐదు.

విజయక్క వచ్చేదాకా ఉండి అడిగాను. "నేను నిన్ను చూడలే. అమ్మ చెప్తె నువ్వు పోలేదనుకున్న. నువ్వు ఉన్నవని నాకు ఫికర్ లేకుండె," అంది. పేపర్ రోజూ నా పద్ధతిలోనే నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉండేదట. చూపు లేని మనిషి కూడా మడత పెట్టగలదు, కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను. కానీ వాళ్ళింట్లో టీవీ పాడై చాలా రోజులైంది, రేడియో లేదు. అయినా ఆ రెండు నెలలూ రాత్రి అన్నం తింటూ టీచరమ్మ ఆనాటి వార్తలు కూతురికి చెప్పేదట. మలక్‌పేటలో నల్లాలు బందు అనే చిన్న వార్త కూడా.

చివరిసారి ఎప్పుడొచ్చానని టీచరమ్మను అడిగాను. "బోనాల ముందటి దినం," అంది. ఆ రోజు ఇక్కడ సాయంత్రం ఐదయ్యేసరికి నేను జర్మనీలో ఎయిర్‌పోర్టుకు పోయే రైల్లో ఉన్నాను.

తర్వాత ఆమె చెయ్యి చాపి నా చెయ్యి వెతికి పట్టుకుంది. "గిన్ని దినాలు చెయ్యి పట్టనియ్యకపోతివి," అంది. చాలాసేపు వదల్లేదు. తిరిగొచ్చాక నన్ను తాకి పలకరించిన మొదటి మనిషి, మా ఇంటివాళ్ళు కాక, ఆమే.

ఇప్పుడు ప్రాజెక్టు ఉన్నా, పరీక్షలున్నా సాయంత్రం వెళ్తున్నాను. రెండు నెలలు ఆ కుర్చీలో కూర్చున్నదెవరో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఒక్కోసారి నేను చదువుతుంటే టీచరమ్మ మధ్యలో ఆపి, "జర నిమ్మళంగ చదువు బిడ్డా, ఎండకాలం చదివిన లెక్క," అంటుంది.

వేగం తగ్గించి చదువుతాను. ఎండాకాలం ఆ కుర్చీలో కూర్చున్నది ఎలా చదివేదో నాకు తెలియదు.