పెద్దమ్మ మీద బెల్టు

మా వర్క్‌షాపు మేస్త్రి గారు మొన్న మంగళవారం పోయారు. సాలూరులో లారీ ఉన్నవాళ్ళకి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. ఆయన పనితనం గురించి నాలుగు ముక్కలు రాద్దామనే కూర్చున్నాను. ముందు నా తప్పు ఒకటి చెప్పకుండా కలం కదలడం లేదు.

మూడేళ్ళ కిందట, అరవై అయిదులో, డిప్లొమా చేతపట్టుకుని అక్కడ చేరాను. ఒకే మిషను మీద ఇనుముని తిప్పి చెక్కే లేతు, దానిపైన గాళ్ళు తీసే మిల్లింగు తల. రెంటినీ తిప్పేది ఒకటే బెల్టు. మెట్లు మెట్లుగా ఉన్న పుల్లీ మీద పెద్ద మెట్టుకి వేస్తే నెమ్మదిగా, చిన్న మెట్టుకి వేస్తే జోరుగా తిరుగుతుంది. మిషనుకి ఇంగ్లీషులో స్పీడుల పట్టిక ఉంది గానీ మేస్త్రి గారికి చదువు రాదు. పెద్ద మెట్టు ఆయనకి పెద్దమ్మ, చిన్నది సిన్నమ్మ. నేను కాగితం మీద లెక్క కట్టేలోపల ఆయన బెల్టు మార్చేసి, రాలే ఇనప పొట్టు రంగు చూసి "సాలు, ఇలాగే తింటాది" అనేవారు. తీరా చూస్తే నా లెక్కా అదే. నాకు ఒళ్ళు మండేది.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. "పనైపోయినాక బెల్టు పెద్దమ్మ మీద ఎట్టీసి ఎల్లాల బాబూ. రేపొద్దున్న ఎవుడొస్తాడో, ఏటెక్కిస్తాడో మనకేటి తెలుసు?"

ఒక సాయంత్రం సన్న కట్టరుతో షాఫ్టుకి గాడి తీశాను. సిన్నమ్మ మీద పని. బొబ్బిలి బస్సు దాటిపోతుందని బెల్టు మార్చకుండానే పరిగెత్తాను. మర్నాడు నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన లారీ బ్రేకు డ్రమ్ము బిగించి స్విచ్చి వేస్తున్నారు. పుల్లీ మూత తీసి చూడలేదు. మా మీద నమ్మకం. సిన్నమ్మ జోరుకి డ్రమ్ము ఒక్క ఊపున ఎగిరి గచ్చు మీద పడి రెండు ముక్కలయింది.

యజమాని పరిగెత్తుకొచ్చారు. "కళ్ళు అవుపడ్డం లేదేటి మేస్త్రీ? స్పీడు సూసుకోవా?"

మేస్త్రి గారు నావైపు ఒకసారి చూశారు. నేను తల వంచుకుని, శుభ్రంగానే ఉన్న స్పానరు తుడవడం మొదలుపెట్టాను.

"నాదే తప్పు బాబూ. సూసుకోలేదు" అన్నారాయన.

ఆ రోజు నుంచి మిషను నాది. ఆయన్ని మూలనున్న బల్ల దగ్గర ఆకురాయితో అంచులు రాసే పనికి పెట్టారు. మధ్యాహ్నం క్యారియరు విప్పేటప్పుడు "తిన్నావా బాబూ" అని అడగడం మాత్రం మానలేదు. ఇవాళ చెప్పేస్తాను, రేపు చెప్పేస్తాను అనుకుంటూ రెండేళ్ళు గడిపేశాను. సిగ్గులేని బతుకు.

దహనం అయ్యాక ఇంటికెళ్తే ఆయన భార్య నన్ను పోల్చుకుంది.

"డిప్లమా బాబు మీరే కదా? రోజూ మీకన్నా ముందెల్లి మిసను మూత తీసి సూసీవోడు. 'పెద్దమ్మ మీదే ఉన్నాది, బాబింక మర్సిపోడు' అని మురిసిపోయీవోడు. ఏటి మర్సిపోయారు బాబూ?"

"ఏం లేదమ్మా" అన్నాను.

ఆవిడకి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఆవిడకి చదువు రాదన్న ధైర్యంతోనే రాస్తున్నానేమో కూడా.

ఈ ఉదయం పుల్లీ మూత తీశాను. అంచు మీద గ్రీజుతో రెండు వేళ్ళ ముద్రలున్నాయి. నావి కావు. గుడ్డ చేతిలోనే ఉంది గానీ తుడవలేకపోయాను. బెల్టు పెద్దమ్మ మీదే ఉంది.