తీగ కనబడని గోడ

నెవిల్ ట్రెంబాత్ మామయ్య ముప్పై ఒక్క ఏళ్ళు జనాల ఇళ్ళకి ఫోను తీగలు లాగాడు. దక్షిణ ఆస్ట్రేలియాలో మా వైపు, వాలరూ నుంచి ఎడిత్‌బర్గ్ దాకా, ఏ పాత ఇంట్లోకి వెళ్ళినా ఆయన చేతిపని ఇప్పటికీ చూడొచ్చు. గుమ్మం నెత్తిన ఒక మేకు, కిటికీ పక్కన ఒక మేకు, రెండింటి మధ్య చంటిపిల్ల ఉయ్యాలలా వేలాడుతూ ఒక తీగ. మా నానమ్మ పాత ఇంట్లో అయితే ఫోను తీగ స్నానాల గదిలోంచి పోయేది. ఎవరైనా అడిగితే, "మాట వినబడుతోందా లేదా? వినబడితే నా పని అయిపోయినట్టే" అనేవాడు.

అలాంటి మనిషికి, రిటైరై ఇంట్లో కూర్చున్న మొదటి నెలలోనే, సొంత టీవీ వెనక తీగలు కనబడితే ఒళ్ళు మండడం మొదలైంది. ఊరందరి గోడల మీదా ఉయ్యాలలు కట్టిన చెయ్యి ఇంటి గోడ దగ్గరికి వచ్చేసరికి మడి కట్టుకుంది.

దీనికి కారణం శుభ్రత అని ఆయన చెప్పేవాడు. అబద్ధం. కారణం మా తాత కుర్చీ.

తాత బతికున్నన్నాళ్ళూ ఫుట్‌బాల్ (మా దేశంలో అది బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే ఆట) మైదానానికి ఒక మడత కుర్చీ మోసుకెళ్ళేవాడు. ఆకుపచ్చ గుడ్డది, ఒక చెయ్యి విరిగితే చేపల వల తాడుతో కట్టింది. ఆయన పోయాక, సెప్టెంబరు ఆఖరి శనివారం గ్రాండ్ ఫైనల్ ఎవరింట్లో చూస్తే ఆ ఇంట్లో టీవీ ముందు ఆ కుర్చీ వేయాలి, అందులో నానమ్మ కూర్చోవాలి, మిగతా ఏడాదంతా అది ఆ ఇంట్లోనే ఉండాలి అని మా వంశంలో ఒక ఆచారం పుట్టింది. ఇరవై రెండేళ్ళు అది మా ఇంట్లోనే ఉంది. మా నాన్న డెస్ పోల్కింగ్‌హార్న్, నెవ్ మామయ్యకి బావమరిది. రెండిళ్ళకీ మధ్య ఒక రేకుల కంచె. ఇరవై రెండేళ్ళు ఆ కంచె దాటి, చేతిలో సాసు సీసా పట్టుకుని, బావమరిది ఇంటికి అతిథిగా రావడం మామయ్యకి ముల్లులా గుచ్చుకునేది. ఒక్కసారి ఆ కుర్చీ తన ఇంట్లో పడాలి. ఆయనకి కావలసింది అంతే. ఇల్లు కట్టినప్పుడు కూడా అంత కోరిక చూపించలేదని ఆయన భార్య, మా నాన్న అక్క, కోరలీ అత్త అనేది.

అవకాశం మా నాన్నే ఇచ్చాడు. మా టీవీ వెనక సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. పాత వీడియో ప్లేయరు, సీడీలది ఒకటి, ఎవరో వదిలేసిన ఆటల డబ్బా, చనిపోయిన స్పీకర్లు రెండు, వీటన్నిటికీ కలిపి ఒక పొడుగాటి ప్లగ్గుల బోర్డు. ఏ తీగ దేనిదో దేవుడికి కూడా తెలియదు. నాన్న దేన్నీ పీకడు. "పని చేస్తున్నదాన్ని కదిలించకు" అంటాడు. సగం పని చెయ్యడం లేదని చెబితే, "మరి ఏ సగమో నువ్వు చెప్పు" అంటాడు. పోయినేడు ఫైనల్లో, నాలుగు పావుల ఆటలో మూడో పావప్పుడు, నానమ్మ నడక బండి చక్రం ఆ చిక్కులో ఇరుక్కుంది. నానమ్మ పడలేదు గానీ బోర్డు ఊడి టీవీ ఆరిపోయింది. మళ్ళీ వెలిగేలోపు రెండు గోల్స్ పోయాయి. ఎనభై ఎనిమిదేళ్ళ నానమ్మ కాలు గురించి ఎవరూ అడగలేదు. ఆ రెండు గోల్స్ గురించి ఏడాదంతా మాట్లాడుకున్నారు.

మర్నాడే మామయ్య తన టీవీ దగ్గర పని మొదలుపెట్టాడు. ఒప్పుకోవాలి, మొదటి సగం తెలివైన పనే. ముందు అన్నీ పీకి, వాడనివి మూడు బయట పడేశాడు. టీవీలోనే సినిమాలూ వార్తలూ అన్నీ వస్తుంటే పక్కన ఇంకో డబ్బా ఎందుకు? సౌండ్‌బార్‌కి మూడు తీగలుంటే, బొమ్మనీ శబ్దాన్నీ అటూ ఇటూ మోసే ఒక్క తీగ వేశాడు. మీటరు పొడుగు చాలినచోట మూడు మీటర్లది చుట్ట చుట్టి పెట్టకుండా మీటరుదే కొన్నాడు. మిగిలిన రెంటినీ అంటుకునే గుడ్డ పట్టీలతో కట్టి, ఏది దేనిదో చీటీలు అంటించాడు. కరెంటు ప్లగ్గు టీవీ వెనక్కే వచ్చేలా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత పెట్టించాడు. అక్కడితో ఆగి ఉంటే నేనే చేతులెత్తి దణ్ణం పెట్టేవాణ్ణి.

ఆగలేదు. గోడ మీద ఇంకా ఒక్క తీగ మిగిలింది. ఇంటి కప్పు మీది యాంటెన్నా నుంచి దిగే తెల్ల తీగ.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. కోరలీ అత్త పిండి చేతులతో వంటింట్లోంచి వచ్చి చూసింది. మామయ్య చేతిలో కత్తెర ఉంది.

"అది ఎందుకు కొయ్యడం, నెవ్? ఉంటే తిండి అడుగుతుందా?"

"అన్నీ ఇంటర్నెట్‌లో వస్తున్నాయి, కోరలీ. ఫైనల్ కూడా వస్తుంది. నేలలోంచి ఇంత మంచి తీగ ఇంట్లోకి వస్తుంటే నెత్తి మీద ఆ ఇనప అస్థిపంజరం దేనికి?"

"గోడ వెనక్కి తోసెయ్, మామయ్యా. కొయ్యకు. ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నాను.

"కాలేజీ చదువు రెండో ఏడే కోసుకుని వచ్చినవాడివి, నువ్వా నాకు కొయ్యొద్దని చెప్పేది?"

ఆయన కోశాడు. బతుకంతా ఫోను తీగలు మోసినవాళ్ళకి యాంటెన్నాలు బిగించేవాళ్ళంటే చులకన. గాలిలోంచి వచ్చేది వాళ్ళ దృష్టిలో అడుక్కోవడం లాంటిది, తీగలోంచి వచ్చేదే సంపాదన. కోసిన తీగని గోడలోకి నొక్కి, కన్నానికి లప్పం పెట్టి, పైన రెండు పూతలు తెల్ల రంగు వేశాడు. కప్పెక్కి యాంటెన్నా కూడా దింపి చెత్తకుప్పకి తోలాడు. ఈ ఏడు ఫైనల్‌కి వారం ముందు నానమ్మని తీసుకొచ్చి చూపించాడు.

నానమ్మ మెథడిస్టు, అలంకారాలేవీ లేని తెల్ల గోడల చాపెల్లో ప్రార్థనకి వెళ్ళే మనిషి. చాలాసేపు ఆ గోడకేసి చూసింది. "మన చాపెల్ గోడలా ఉంది" అంది. ఈసారి ఫైనల్ అక్కడేనని తేలి కుర్చీ కంచె దాటింది.

మా నాన్న ఆ వారమంతా బావతో మాట్లాడలేదు. ఫైనల్ రోజు పొద్దున అత్త మాంసం, దుంపలు కూరిన కజ్జికాయల్లాంటి పాస్టీలు నలభై చేసి, అంచులు మడతపెట్టి, పొయ్యిలో పెట్టి, కంచె దగ్గరికొచ్చి పిలిచింది. "డెస్, నీకు నూల్‌కోల్ తక్కువ వేసి వేరేగా నాలుగు చేశాను. రా."

"నేను రాను, అక్కా. నా ఇంట్లో నా టీవీ ఉంది. నీ మొగుడి గోడ చూడ్డానికి నేనేమన్నా రంగులు అమ్మేవాణ్ణా?"

"చిన్నపిల్లాడివి నువ్వు."

"అవును. పాస్టీలు మాత్రం కంచె మీంచి అందించు."

ఆట మొదలయ్యేసరికి నెవ్ మామయ్య ఇంట్లో పద్నాలుగు మందిమి. నానమ్మ కుర్చీలో, మేం నేల మీద. మామయ్య గోడ పక్కన నిలబడ్డాడు. పెళ్ళిలో పెళ్ళికూతురి పక్కన కూడా అంత గర్వంగా నిలబడి ఉండడు. టీవీ గోడకి అతుక్కుని, గాలిలో తేలుతున్నట్టుంది. ఒక్క తీగ లేదు. వచ్చిన ప్రతివాడికీ వంగి కింద నుంచి చూపించాడు. "చూశావా? ఏదీ? ఏదన్నా ఉందా?" వాళ్ళు బీరు తాగుతూ తల ఊపారు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది.

ఆరో నిమిషంలో కంచె అవతల నుంచి మా నాన్న అరిచాడు. "వేశాడ్రా! అద్దీ దెబ్బ!"

మేం టీవీకేసి చూశాం. బంతి ఇంకా మైదానం మధ్యలో ఉంది. ఎవడో పడిపోయి మోకాలు పట్టుకుని ఉన్నాడు. మామయ్య నవ్వాడు. "ఒక్కడే కూర్చుంటే పిచ్చెక్కింది పాపం." అరనిమిషం దాటాక మనవాడు బంతి అందుకుని, తిరిగి, గోలు వేశాడు. మేం అరిచాం. కానీ ఆ అరుపులో ఏదో తేడా ఉంది.

తర్వాత అవతల నుంచి, "ఛీ! గుడ్డివాడా!" అని వినిపించింది. మేం ఊపిరి బిగబట్టి ఎదురుచూశాం. అరనిమిషం తర్వాత మనవాడు కొట్టింది స్తంభానికి తగిలింది.

మూడోసారికి మా పెదనాన్న కొడుకు బెవన్ లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. అవతల అరుపు వినగానే ఒకటి, రెండు, మూడు... ముప్పై ఏడుకి మా టీవీలో గోలు పడింది. పిల్లలకి అది ఆట కంటే బాగుంది. నాన్న కేక వేయడం, గదంతా గొంతు కలిపి లెక్క పెట్టడం. సంగతి అందరికీ అర్థమైంది. నాన్న యాంటెన్నాకి గాలిలో వచ్చే బొమ్మ అప్పటికప్పుడు వస్తుంది. ఇంటర్నెట్‌లోది ఊళ్ళన్నీ తిరిగి తీరిగ్గా వస్తుంది. ఇన్ని నెలలు ఆయన ఆ టీవీ చూశాడు, పక్కింటివాడు ముందే చెబితే తప్ప ఆ ఆలస్యం తెలిసేది కాదు.

"వాడు కావాలని అరుస్తున్నాడు" అన్నాడు మామయ్య. కిటికీలు మూయించాడు. పద్నాలుగు మందీ పొయ్యి వేడీ కలిసి గది ఉడికిపోయింది. రేకుల కంచె దగ్గర మా నాన్న గొంతుకి కిటికీ ఒక లెక్క కాదు.

సగం ఆట అయ్యాక పిల్లలు బంతి తన్నుకోవడానికి వీధిలోకి పోయారు. నాన్న కంచె మీద మోచేతులు ఆనించాడు. ఆయన మొహంలో వెటకారం లేదు, అదే నాకు ఆశ్చర్యం.

"బావా, నా దగ్గర ఇరవై ఐదు మీటర్ల యాంటెన్నా తీగ ఉంది. నా గోడ మీది సాకెట్టు నుంచి లాగి, కంచె మీంచి, నీ వంటింటి కిటికీలోంచి తెచ్చి టీవీకి గుచ్చుతా. పది నిమిషాల పని. ఆట అయ్యాక చుట్టేసి పట్టుకుపోతా."

"ఎక్కణ్ణుంచి పోతుంది?"

"ఎక్కణ్ణుంచి పోతుందేంటి? గది మధ్య నుంచి. గోడ మీద కొంచెం కనబడుతుంది."

మామయ్య తెల్ల గోడకేసి చూశాడు. అత్త ఆయన చెయ్యి పట్టుకుంది. "రెండు గంటల సంగతి, నెవ్. ఊ అను."

"తీగ వేలాడదీసుకోవడానికా నేను ఏడాది కష్టపడ్డాను? ముప్పై ఏడు సెకన్లు ఆగలేరా మీరు? ఏం పోతుంది?"

"ఇన్నేళ్ళు జనం కొంపల్లో వేలాడదీసింది ఎవరు బావా? మా అమ్మ స్నానాల గదిలో వేసింది ఎవరు?"

"అది ఉద్యోగం. ఇది ఇల్లు" అని లోపలికి పోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళ పనికి ఆయనే ఇచ్చుకున్న సర్టిఫికెట్టు అది.

మూడో పావు మొదలైన అయిదు నిమిషాలకి బెవన్ మంచినీళ్ళకని లేచాడు, తిరిగి రాలేదు. వాడి పెళ్ళాం వాణ్ణి వెతకడానికి వెళ్ళింది, ఆమే రాలేదు. తర్వాత సాకులు కూడా మానేశారు. కంచె అవతల అరుపులు ఒక గొంతు నుంచి నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. ఆఖరి పావుకి ముందు నానమ్మ చెవి మిషను సర్దుకుని, "నెవిల్, అక్కడ ఆట ముందు జరుగుతోంది. నాకు ఎక్కువ టైము లేదు. నన్ను అక్కడికి తీసుకెళ్ళండి" అంది.

"నానమ్మా, ఆ తీగలు... నీ బండి..." అన్నాను.

"ఈసారి కాళ్ళు పైకెత్తి కూర్చుంటాలే."

నేనూ అత్తా ఆమెని నడిపించుకుంటూ వీధి వైపు నుంచి తీసుకెళ్ళాం. కుర్చీ మాత్రం బెవన్ కంచె మీంచి అందుకున్నాడు. ఆకుపచ్చ గుడ్డ కాసేపు గాలిలో ఊగి, రేకుల అవతల దిగిపోయింది. మామయ్య కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాట అంటే నానమ్మ ఆగేది. ఆమె గుమ్మం దాకా రెండుసార్లు వెనక్కి చూసింది కూడా. కానీ ఆగమని అడగాలంటే తీగకి ఒప్పుకోవాలి.

మా ఇంట్లో పదమూడు మందీ నాన్నా కుక్కా ఇరుక్కుని కూర్చున్నాం. కింద పాముల పుట్టలా తీగలు. ఎవడూ వాటికేసి చూడలేదు. ఆఖరి నిమిషంలో మనవాళ్ళు అయిదు పాయింట్లు వెనక. బంతి మనవాడి చేతిలో పడ్డాక ఆట ముగిసే సైరన్ మోగింది. సైరన్ మోగినా చేతిలో ఉన్న బంతి తన్నుకోవచ్చు. నలభై మీటర్లు. గోలుకి ఆరు పాయింట్లు, పడితే గెలుపు. వాడు పరిగెత్తి తన్నాడు. బంతి ఎడమ వైపు వంగి, వంగి, బయటికి పోయింది.

మా ఇంట్లో ఎవరూ అరవలేదు. అత్త పాస్టీల పళ్ళెం గుర్తొచ్చి, "పోయి పట్టుకురా, ఆయన్ని కూడా చూసి రా, ఒక్కడే ఉన్నాడు" అంది. నేను కంచె దూకి వెనక గుమ్మంలోంచి వెళ్ళి, వంటింట్లో పళ్ళెం అందుకుని గది తలుపు దగ్గరికి వచ్చాను.

మామయ్య గది మధ్య నిలబడి ఉన్నాడు. చెవులకి గడ్డి కోసేటప్పుడు పెట్టుకునే పసుపుపచ్చ చెవిమూతలు. అవతలి అరుపులు వినబడకూడదని పెట్టుకున్నాడు. దాంతో ఆయన సొంత టీవీ కూడా మూగదైపోయింది, అంత డబ్బు పోసిన సౌండ్‌బార్ ఎవరి కోసమో మోగుతోంది. తెర మీద మనవాడు ఇంకా బంతి చేతుల్లో తిప్పుతున్నాడు. ఇంకా తన్నలేదు. మామయ్య పిడికిళ్ళు బిగించి, పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. ఊరు మొత్తం మీద ఇంకా గెలిచే అవకాశం ఉన్న మనిషి ఆయనొక్కడే.

ఆయన కంటబడకూడదని నేను వెనక్కి తగ్గాను. చాలలేదు. పళ్ళెం అంచు తలుపుకి కొట్టుకుంది. చెవికి వినబడకపోయినా కంటి కొసకి కదలిక తగిలినట్టుంది, తిరిగి చూశాడు. నా మొహం చూశాడు.

మొహం మార్చుకుందామనుకున్నాను. చేతకాలేదు.

ఆయన తెర వైపు మళ్ళీ తిరగలేదు. చెవిమూతలు తీసి, టీవీ కింద వెతికాడు, దేనికోసమో అర్థం కాలేదు. లాగి పారేయడానికి ఏదన్నా తీగ దొరుకుతుందేమోనని అనుకుంటాను. అక్కడ ఏమీ లేదు కదా. చివరికి రిమోట్ తీసి ఆర్పాడు, బంతి ఇంకా గాలిలో ఉండగానే.

"పళ్ళెం పట్టుకుపో" అన్నాడు. "పోతూ పోతూ తలుపు వేసుకో."