తడి ఆరని మంచం

మూడో అంతస్తు వార్డుకు పంతొమ్మిదేళ్లుగా హెడ్ నర్సుగా ఉన్న ఆవిడను ఆసుపత్రంతా పెద్దక్క అనేది. ఆవిడ వార్డులో ఎప్పుడూ ఒక మంచం మీద దుప్పటి ఉండేది కాదు. రోగి ఇంటికి వెళ్లగానే పరుపు తుడిపించి, రెండు గంటలకు డ్యూటీ మారేదాకా దాన్ని అలాగే ఉంచేది. కింది అత్యవసర విభాగం నుంచి ఫోను వస్తే "తడి ఆరలేదమ్మా" అనేది. అది అబద్ధమని ఆవిడకు ఎన్నడూ తోచలేదు. తన కింద పనిచేసే అమ్మాయిలు కూర్చుని నాలుగు ముద్దలు తినడానికి కల్పించిన వ్యవధి అనుకునేది. కింద రద్దీకి కారణం ఆవిడకు కంఠతా వచ్చు: "పడిశం పట్టినవాళ్లంతా అక్కడికే పరిగెడితే కిక్కిరిసిపోదూ?"

ఆ రోజు పది గంటలకు కిటికీ పక్క మంచం ఖాళీ అయింది. పదిన్నరకు ఫోను మోగింది.

"పెద్దక్కా, ఒక ముసలాయనకు ఊపిరాడట్లేదు. డాక్టరు చూసి, పైకి పంపమని రాసి గంటయింది. ఇంకా నడవాలోనే ఉన్నాడు."

"తడి ఆరలేదమ్మా."

"మీ మంచాలు మండుటెండల్లో కూడా ఆరవేంటక్కా?"

పెద్దక్క నవ్వి ఫోను పెట్టేసింది.

రెండున్నరకు పైకి వచ్చిన స్ట్రెచర్ మీద ఉన్నది స్ట్రెచర్ మామ. పాతికేళ్లు అవే స్ట్రెచర్లు తోసి, రెండేళ్ల క్రితం రిటైరైన మనిషి. పెదవులు నీలం తిరిగాయి.

"మామా, నువ్వా? నువ్వని ఎవరూ చెప్పలేదే."

"చెబితే ఏం చేస్తావమ్మా, ఊది ఆరబెడతావా?" అని, ఊపిరి కూడదీసుకుని, "నీ అమ్మాయిలు అన్నం తిన్నారా?" అన్నాడు.

ఎన్ని మధ్యాహ్నాలు రోగిని తోసుకొచ్చి, ఆ దుప్పటి లేని మంచాన్ని తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాడో. "అక్కడ అన్నాల వేళ, మళ్లీ ఫోను చెయ్యకండి" అని ఆ రోజుల్లో కింద వాళ్లను ఆపింది కూడా ఆయనేనని తరువాత తెలిసింది.

మూడో రోజు పొద్దున ఆయన పోయాడు.

"నాలుగు గంటలు ముందు పైకి వచ్చుంటే?" అని పెద్దక్క డాక్టరును అడిగింది.

"చెప్పలేం సిస్టర్."

తప్పు నీదేనంటే ఎదురు వాదించవచ్చు, కాదంటే ఆ మాటను దాచుకోవచ్చు. చెప్పలేమన్న మాటను ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నం, ఎన్నో ఏళ్ల తరువాత, కిందికి దిగింది. నడవాలో పదకొండు స్ట్రెచర్లు ఉన్నాయి. కేసు కాగితాలు ఒక్కొక్కటే చూసింది. తొమ్మిదిమందికి డాక్టరు చూడటం అయిపోయింది. వాళ్లు ఎదురుచూస్తున్నది పైన ఒక మంచం కోసం. పడిశం పట్టినవాడు ఒక్కడూ లేడు. పై అంతస్తులన్నింటిలోనూ ఎవరో ఒక పెద్దక్క, జాలితోనే, ఒక్కో మంచాన్ని ఆరబెడుతూ ఉండాలి.

మర్నాటి నుంచి రోగి లేవగానే దుప్పటి పరిపించి, ఆవిడే కిందికి ఫోను చేయసాగింది. అమ్మాయిలను ఇద్దరిద్దరుగా భోజనానికి పంపింది. ఎవరూ పస్తుండలేదు.

"ఇంత తేలికని తెలిస్తే ఈ పద్ధతి ముందే పెట్టేదానివి కదక్కా" అంది ఒక అమ్మాయి, చేతులు తుడుచుకుంటూ.

కిటికీ పక్క పరుపును అప్పుడే తుడిచారు. దుప్పటి పరిచే ముందు పెద్దక్క అరచేత్తో తడిమి చూసింది. పది నిమిషాలు కూడా కాలేదు; పొడిగా ఉంది.